పక్షుల లెక్కలో ఊరి వంతు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఊరి చెరువుల్లోని పక్షులను, అడవి అంచున తిరిగే జంతువులను శాస్త్రజ్ఞులే కాక స్థానికులు కూడా గమనించి నమోదు చేయడం, వాటిని కాపాడుకోవడంలో పాలుపంచుకోవడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించాము.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. మా బడికి ఆనుకునే ఊరి చెరువు ఉంది. చలికాలంలో అక్కడికి బాతులు, కొంగలు చాలా వస్తాయి. తొమ్మిదో తరగతి పిల్లల చేత వాటిని లెక్కపెట్టించాలని ఉంది. పిల్లలు తీసే లెక్కను శాస్త్రజ్ఞులు నిజంగా వాడుకుంటారా, లేక బడి గోడకు అంటించి మరచిపోవడానికేనా?
– ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

జవాబు: తప్పకుండా వాడుకుంటారండీ. అయితే పక్షులు ఎన్ని ఉన్నాయన్నదే కాకుండా, ఆ లెక్క ఎలా తీశారో కూడా పక్కనే రాసి ఉండాలి. "చెరువులో యాభై బాతులు కనిపించాయి" అన్న ఒక్క వాక్యంతో ఎవరూ పెద్దగా ఏమీ చేయలేరు. ఏ తేదీన, ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎంతసేపు చూశారు, ఎంతమంది చూశారు, ఒకేచోట నిలబడ్డారా లేక కట్ట మీద నడిచారా, నడిస్తే ఎంత దూరం నడిచారు అన్న వివరాలు తోడైతే అదే వాక్యం పదేళ్ళ తరువాత కూడా మరో లెక్కతో పోల్చి చూడడానికి పనికొచ్చే ఆధారమవుతుంది.

పిల్లలతో మొదలుపెట్టేటప్పుడు మరొక విషయం మొదటి రోజునే గట్టిగా చెప్పవలసి ఉంటుంది. పిల్లలు సహజంగా అరుదైన పిట్ట కోసం వెతుకుతారు. కాకినీ, గోరింకనూ, పావురాన్నీ రాయడం వాళ్ళకు చిన్నతనంగా తోస్తుంది. కానీ చూసి గుర్తుపట్టిన ప్రతి జాతినీ వదలకుండా రాసిన సంపూర్ణ జాబితాకే అసలు విలువ, ఎందుకంటే అటువంటి జాబితాలో ఒక పిట్ట పేరు లేకపోవడం కూడా ఒక సమాచారమే. పాలపిట్టనే తీసుకోండి. దసరానాడు దాన్ని చూడాలని మనం ఊరి బయటికి వెళ్ళే ఆచారం ఉంది, తెలంగాణకు అది రాష్ట్ర పక్షి కూడా. అది తగ్గిపోతోందని పెద్దవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. ఆ మాటకు లెక్కల బలం ఎక్కడినుంచి వచ్చిందంటే, వేలాది మంది రాసిన జాబితాలలో పాలపిట్ట ఉన్నవి ఏటేటా ఎన్ని, లేనివి ఎన్ని అని పోల్చడం నుంచే. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక సుమారు 30,000 మంది పక్షి పరిశీలకులు ఈబర్డ్ అనే ఇంటర్నెట్ వేదికలో నమోదు చేసిన 3 కోట్లకు పైగా పరిశీలనల ఆధారంగా 942 జాతులను అంచనా వేసి, 178 జాతుల మీద అత్యధిక శ్రద్ధ పెట్టాలని చెప్పింది. బాగా తగ్గిపోయినందువల్ల అంతర్జాతీయంగా స్థితిని మళ్ళీ పరిశీలించాలని ఆ నివేదిక సూచించిన జాతులలో మన పాలపిట్ట కూడా ఉంది. ఆ 30,000 మందిలో చాలామంది పక్షిశాస్త్రం చదివినవారు కారు. ఉద్యోగాలు, వ్యాపారాలు, చదువుల మధ్య తీరిక చేసుకుని తెల్లవారుజామున లేచి చూసినవారు.

పక్కనున్న కేరళలో ఇంకా పద్ధతిగా చేశారు. రాష్ట్రమంతటినీ చిన్న గళ్ళుగా విడగొట్టి, వాటిలో ముందుగానే ఎంచుకున్న చోట్లకు వానలు లేని కాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి వెళ్ళి, 2015 నుంచి 2020 వరకు వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద పరిశీలకులు, ఏ పక్షి ఎక్కడ ఉందో పటాల్లో చూపే కేరళ పక్షుల అట్లాసును తయారుచేశారు. ఇందులో గమనించవలసిన మెలకువ ఒకటుంది. ఎవరి ఇష్టానికి వారిని వదిలేస్తే అందరూ రోడ్డు పక్కన, పట్నం దగ్గర, పేరున్న చెరువుల దగ్గరే లెక్కపెడతారు. మెట్ట పొలాలు, బీడు భూములు, పేరులేని కుంటలు ఖాళీగా మిగిలిపోతాయి. మీ ఊరి చెరువు బహుశా అటువంటి ఖాళీ గడుల్లోనే ఉండి ఉంటుంది కాబట్టి, పేరున్న అభయారణ్యంలో తీసే నూరో జాబితా కంటే మీ పిల్లలు తీసే మొదటి జాబితా కొత్త సంగతి చెబుతుంది.

ఆచరణ విషయానికి వస్తే, నలుగురైదుగురు పిల్లలకు ఒక జట్టు చొప్పున చేసి, అందులో ఒకరిని రాయడానికే కేటాయించండి. ప్రతి వారం ఒకే చోట, ఒకే వేళకు, కనీసం పావుగంట చూడండి. గుంపుగా ఉన్న బాతులను ఒక్కొక్కటిగా లెక్కించబోతే తప్పిపోతాయి. ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టాయో కంటితో కొలుచుకుని, గుంపులో అటువంటి పదులు ఎన్ని ఉన్నాయో చూడడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. గుర్తుపట్టలేనిదాన్ని "తెలియని బాతు" అని రాయనివ్వండి, ఊహించి పేరు పెట్టనివ్వకండి. ఈబర్డ్‌లో మీ పేరుతో ఖాతా తెరిచి నమోదు చేస్తే, ఆ ప్రాంతానికి అసాధారణమైన జాతి కనిపించినప్పుడు పరిశీలక సంపాదకులు ఫోటో గానీ వివరం గానీ అడుగుతారు. అది అనుమానించడం కాదనీ, సమాచారాన్ని సరిచూడడం శాస్త్రంలో భాగమనీ పిల్లలకు ముందే చెప్పండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. ఇది 1987లో మొదలైంది. ఫిబ్రవరి నడిమిన నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల గణన నడుస్తుంది. తమిళనాడులో పొంగల్ పండుగ నాలుగు రోజులూ పక్షులు లెక్కించే అలవాటు చేసుకున్నారు. మన సంక్రాంతి సెలవులకూ అది చక్కగా సరిపోతుంది.

ఒక్క మనవి. లెక్క మొత్తం కంప్యూటరుకే వెళ్ళి, ఊరికి ఏమీ తెలియకుండా పోనివ్వకండి. చేపల కోసం చెరువు వేలం పాడిన ఏడాదికీ, పాడని ఏడాదికీ, కట్ట మీది చెట్లు కొట్టకముందుకూ, కొట్టిన తరువాతకూ పక్షుల సంఖ్య ఎలా మారిందో చూపే ఒక పెద్ద పట్టికను పంచాయతీ కార్యాలయంలో పెట్టించగలిగితే, పిల్లల పని చెరువు గురించి తీసుకునే నిర్ణయాలదాకా చేరుతుంది.

ప్రశ్న: మా ప్రాంతంలో వలలు, ఉచ్చులు వేసి కౌజు పిట్టలను, కముజులను పట్టి అమ్మే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. పర్యావరణంపై ఆసక్తి ఉన్న మేము కొందరం కలిసి వారిపై ఫిర్యాదు చేయాలనుకుంటున్నాము. అటువంటివారిని సంరక్షణలో చేర్చుకోవాలని కొందరు అంటున్నారు. అది సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, వైఎస్సార్ కడప జిల్లా

జవాబు: అడవి పక్షులను పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే, అందులో సందేహం లేదు. కానీ మీరు ఏ జిల్లా నుంచి రాస్తున్నారో ఒకసారి గుర్తుచేసుకోవాలని కోరుతున్నాము. కలివికోడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పిట్ట 1900 తరువాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ మీ జిల్లాలోని చిట్టడవుల్లో తిరుగుతూ, పిట్ట బొమ్మ చూపించి ఊళ్ళలో విచారించారు. చివరికి 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక రాత్రి దాన్ని ప్రాణంతో పట్టి తెచ్చినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. 86 సంవత్సరాలు శాస్త్రజ్ఞుల కంటపడని పక్షిని, రాత్రిపూట అడవిని చదవగల ఒక మనిషి పట్టుకోగలిగాడు. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడడానికి దారితీసింది ఆ సంఘటనే.

ఆ తరువాతి కథ మీ ప్రశ్నకు ఇంకా దగ్గరిది. కలివికోడి రాత్రివేళ మాత్రమే తిరుగుతుంది, మనిషి అలికిడికి కదలక నక్కి ఉంటుంది కాబట్టి, కళ్ళతో వెతికి లెక్కించడం దాదాపు అసాధ్యం. పి. జెగనాథన్, ఆయన సహచరులు పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారి దానిమీద పడిన అడుగు జాడలు చూసి పిట్ట ఉనికిని పట్టే పద్ధతి రూపొందించారు. జాడ చూసి ఏ పిట్టదో, ఎటు పోయిందో చెప్పడం అంటే వేట మీద బతికిన కుటుంబాలకు వారసత్వంగా వచ్చిన విద్య అని వేరే చెప్పనక్కరలేదు. ఆ పరిశోధనలో తేలిన మరొక విషయం చాలా ముఖ్యమైనది: ఈ పిట్టకు మరీ దట్టమైన పొదలూ పనికిరావు, మరీ పలచబడిన నేలా పనికిరాదు, హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలు ఉన్న చోటే దానికి ఇష్టం. పొదలు ఎంత దట్టంగా ఉండాలన్నది ఊరివాళ్ళ మేకలు, గొర్రెలు ఎంత మేస్తాయి, కట్టెల కోసం ఎంత కొడతారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కంచె వేసి అందరినీ బయటికి పంపినా, ఎవరూ అడగనట్టు నరికివేయనిచ్చినా ఆ పిట్టకు నష్టమే. కాపరులతో, కట్టెలు కొట్టేవారితో మాట్లాడకుండా కలివికోడిని కాపాడే దారి లేదు.

వేటగాళ్ళు మారిన ఉదాహరణలు దేశంలో ఉన్నాయి. నాగాలాండ్‌లోని దొయాంగ్ జలాశయం దగ్గర 2012లో వలస వచ్చిన అముర్ డేగలను రోజుకు వేల సంఖ్యలో వలలు పెట్టి చంపుతున్నట్టు బయటపడింది. పంగ్టి, దాని చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు, చర్చి, రాష్ట్ర అటవీ శాఖ, బానో హరాలు వంటి స్థానిక కార్యకర్తలు కలిసి కూర్చుని మాట్లాడిన ఫలితంగా మరుసటి ఏడాది వల వేయడం ఆగిపోయింది. 2013 నవంబరులో ఉపగ్రహ పరికరం అమర్చి వదిలిన మూడు డేగలకు నాగా, వోఖా, పంగ్టి అని పేర్లు పెట్టారు. తమ ఊరి పేరు మోసుకుంటూ ఒక పక్షి అరేబియా సముద్రం దాటి ఆఫ్రికాకు చేరుతోందన్న వార్త ఆ ఊళ్ళో కలిగించిన గర్వం ఏ జరిమానా వల్లా రాదు.

కాబట్టి మా సలహా ఇది. ముందు ఆ కుటుంబాలతో మాట్లాడండి. ఏ నెలలో పడతారు, ఎంతకు అమ్ముతారు, ఆ డబ్బు ఇంట్లో ఏ ఖర్చుకు పోతుంది అని తెలుసుకోండి. పక్షుల గణనకు, జాడలు చూపడానికి వారిని పిలిస్తే దినకూలీ తప్పకుండా ఇవ్వండి. కొనేవాళ్ళు, దూరం నుంచి వచ్చి టోకున ఎత్తుకుపోయే దళారులు వేరు. వారి సంగతి అటవీ శాఖకు చెప్పడానికి ఏమాత్రం సంకోచించవద్దు.

ప్రశ్న: నల్లమల అంచున మాది చిన్న ఊరు. ఎన్జీవోల వాళ్ళు, యూనివర్సిటీల వాళ్ళు వస్తారు. ఏ చెట్టు ఎక్కడుంది, ఎలుగుబంటి ఏ దారిన వస్తుంది అని అడుగుతారు, ఫోటోలు తీసుకుంటారు, వెళ్ళిపోతారు. మళ్ళీ కనిపించరు. ఇందులో మాకేమిటి?
– ఒక యువకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీ కోపం న్యాయమైనది. ఊరివాళ్ళను సమాచారం తెచ్చిపెట్టే కూలీలుగా చూసినంతకాలం ఏ పథకమూ రెండు మూడేళ్ళకు మించి నిలబడదు, నిలబడనవసరం కూడా లేదు. పులుల గణనలో కెమెరాలు ఎక్కడ కట్టాలో, ఏ వాగు ఒడ్డున పులి అడుగు పడుతుందో చూపేది అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో పనిచేసే చెంచు యువకులే; ఆ జ్ఞానానికి తగిన జీతం, భద్రత, పేరు దక్కాలని అడగడం మీ హక్కు.

అరుణాచల్ ప్రదేశ్‌లో పక్కే పులుల అభయారణ్యం చుట్టూ ఒక మంచి పద్ధతి నడుస్తోంది. అక్కడి నిషి తెగవారు తలపాగాలో పెద్ద హార్న్‌బిల్ ముక్కు ధరించడం ఆచారం. ఒకప్పుడు వేటాడినవారే ఇప్పుడు ఆ పక్షుల గూళ్ళకు కాపలాదారులు. చెట్టు తొర్రలో ఆడపక్షి ఎప్పుడు చేరింది, తొర్రను ఎప్పుడు మూసుకుంది, పిల్ల ఎప్పుడు బయటికి వచ్చింది అని ప్రతి గూటినీ వారు క్రమంగా చూసి రాస్తారు. పట్నాల్లోని దాతలు గూటిని దత్తత తీసుకుని ఇచ్చే డబ్బు నుంచి వారికి జీతాలు వస్తాయి. గ్రామ పెద్దల సంఘం, అటవీ శాఖ, ఒక పరిశోధనా సంస్థ ముగ్గురూ కలిసి దీన్ని నడుపుతున్నారు. ఇక్కడ సమాచారం సేకరించేవాడికీ, పక్షిని కాపాడేవాడికీ, జీతం అందుకునేవాడికీ తేడా లేదు. అందుకే అది నిలిచింది.

చట్టం కూడా మీ చేతికి రెండు సాధనాలు ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవినీ, వన్యప్రాణులనూ, జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇస్తుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజలను సంప్రదించి, స్థానిక జీవజాతులనూ వాటి గురించి ఊరివారికి తెలిసినదాన్నీ నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. మాధవ్ గాడ్గిల్ వంటి శాస్త్రవేత్తలు పట్టుబట్టి ముందుకు తెచ్చిన ఆలోచన అది. చాలాచోట్ల గడువు ముంచుకొచ్చాక హడావుడిగా నింపి బీరువాలో పెట్టేశారన్నది బాధాకరమైన నిజం. మీ పంచాయతీ రిజిస్టరు చూపించమని అడగండి, తప్పులుంటే గ్రామసభలో సరిచేయించండి.

ఇకపై ఎవరైనా సర్వే కోసం వస్తే, పని మొదలుకాకముందే గ్రామసభ ముందు కూర్చోబెట్టి అడగండి: ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు, మా పొలాల మీద ఎలుగుబంటి, అడవి పంది పడే సమస్యను కూడా ఆ ప్రశ్నలో చేరుస్తారా, వెంట వచ్చేవారికి రోజుకు ఎంత ఇస్తారు, సహాయం చేసినవారి పేర్లు నివేదికలో వేస్తారా, ఫలితాలను తెలుగులో తెచ్చి మాకు ఎప్పుడు చెబుతారు? మందు మొక్కలు ఎక్కడున్నాయన్న సమాచారమైతే, మీకు ఇష్టం లేనిది చెప్పకుండా ఉండే స్వేచ్ఛ కూడా మీదే. నిజాయితీగల పరిశోధకులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, సంతోషిస్తారు.

ప్రశ్న: మా ఊళ్ళో చింతచెట్ల మీద ప్రతి ఏటా కొంగలు గూళ్ళు పెడతాయి. తాతల కాలం నుంచి వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు దుర్వాసన, రెట్టలు, కిందపడి కుళ్ళే చేపలు భరించలేక కొందరు చెట్లు కొట్టేస్తామంటున్నారు. వాళ్ళను ఎలా ఒప్పించాలి?
– ఒక గృహిణి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, వాళ్ళ ఇబ్బంది అబద్ధం కాదని ముందు ఒప్పుకోండి, అక్కడినుంచే మాట మొదలవుతుంది. మీ జిల్లాలోనే టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తే ఊరికి మంచిదని నమ్మి తరాలుగా కాపాడుతున్నారు. రాయలసీమలో వీరాపురం, గుంటూరు దగ్గర ఉప్పలపాడు కూడా అటువంటివే. నేలపట్టులో పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనిచేస్తుందని రైతులకు తెలుసు. అయితే నమ్మకం ఒక్కటే కొత్త తరాన్ని ఆపలేదు. వాసన మీ ఇంటికి, పేరు జిల్లాకు అన్నట్టయితే ఎవరైనా ఎంతకాలం ఓర్చుకుంటారు?

అస్సాంలోని దాదర గ్రామంలో సరిగ్గా ఇదే జరిగింది. హర్గిలా అనే భారీ కొంగ పిల్లలతో సహా గూళ్ళున్న చెట్టును ఇంటి యజమాని కొట్టేశాడు. పూర్ణిమా దేవి బర్మన్ అనే పరిశోధకురాలు దాన్ని చూసి, తన డాక్టరేటు పనిని పక్కనపెట్టి ఊరి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో గర్భిణికి చేసే వేడుకనే గూడు కట్టే పక్షులకూ చేయించింది. మన సీమంతం వంటిదే అనుకోండి. చీరల మీద, తువ్వాళ్ళ మీద ఆ పక్షి బొమ్మ నేసి అమ్మడానికి మగ్గాలు ఇప్పించింది. చెట్లున్న ఇళ్ళవారిని సభల్లో పిలిచి గౌరవించింది. ఆ ప్రాంతంలో 30కి లోపున్న గూళ్ళు 250 దాటాయి. వేలాది మహిళలు ఆమె దళంలో ఉన్నారు. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఆమెకు తన అత్యున్నత పురస్కారం ఇచ్చింది. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులోనైతే గూళ్ళున్న చెట్ల యజమానులకు అటవీ శాఖ ఏటా కొంత సొమ్ము చెల్లిస్తుంది, కిందపడిన పక్షి పిల్లలను పెంచే దొడ్డి ఉంది. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా, అంటే ఊరివారి భాగస్వామ్యంతో కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు.

మీరు చేయగలిగినవి: గూళ్ళ కాలంలో చెట్ల కింద వల కట్టించండి, జారిపడే పక్షి పిల్లలూ నిలుస్తాయి, చేపలూ నేలమీద కుళ్ళవు. బావులకు మూత వేయించండి. రెట్టలు ఊడ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని, ముందు నీళ్ళు చల్లమని చెప్పండి. ఊడ్చినది ఎరువు గుంతలో వేయించండి. ఆడవాళ్ళ పొదుపు సంఘం తరఫున పక్షానికి ఒకసారి ఏ చెట్టు మీద ఎన్ని గూళ్ళున్నాయో ఒక పుస్తకంలో రాయండి. చెట్ల యజమానులకు పరిహారం కోరుతూ అటవీ శాఖకు పెట్టుకునే అర్జీతో ఆ పుస్తకం జతచేస్తే, అధికారి ముందు మీ మాటకు ఆధారం ఉంటుంది.

ప్రశ్న: మా చేను గట్టున రాత్రిపూట అలుగు (ఒంటినిండా పొలుసులుండే జంతువు) కనిపించింది. ఫోన్‌లో ఫోటో తీశాను. ఊరి పేరుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెడితే శాస్త్రజ్ఞులకు ఉపయోగపడుతుందా?
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: దయచేసి అలా పెట్టకండి. పొలుసుల కోసం అలుగును పట్టి రవాణా చేసే ముఠాలు ఉన్నాయి. దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించినా దొంగ రవాణా ఆగలేదు. మన వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలులోని, అంటే అత్యధిక రక్షణ ఉన్న, జంతువు. ఫోన్ ఫోటోలో తీసిన చోటు వివరం కూడా దాగి ఉండవచ్చు, ఊరి పేరు రాయకపోయినా దాన్నిబట్టి కనుక్కోవచ్చు. ఐనాచురలిస్ట్ అనే ఇంటర్నెట్ వేదికలో నమోదు చేస్తే ఇటువంటి ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన స్థలాన్ని అదే మరుగుపరుస్తుంది. మీరు సొంతంగా కూడా స్థలాన్ని దాచమని ఎంచుకోండి. దాని బొరియ దగ్గరికి ఎవరినీ తీసుకువెళ్ళకండి. చెదలను, చీమలను తిని బతికే ఆ జీవి వల్ల మీ పంటకు నష్టం లేదు. అటవీ శాఖ రేంజి కార్యాలయానికి స్వయంగా వెళ్ళి చెప్పండి. గ్రూపుల్లో ఇప్పటికే పెట్టి ఉంటే ఈ రోజే తొలగించి, ఎవరికైనా పంపి ఉంటే వారిని కూడా తొలగించమని అడగండి.